దమ్ కింద కావాలా, పైన కావాలా?

"పికప్ తగ్గిందా? క్యామ్ మార్చెయ్ భాయ్, బండి ఎగురుతది." బులెట్ నడిపేవాళ్లు నలుగురు కూడిన ఏ చాయ్ హోటల్ ముందైనా ఈ మాట వినిపిస్తుంది. మర్జ్ ఏంటో చూడకుండా దవా రాసిచ్చే ఆర్‌ఎంపీ డాక్టర్ సలహా లాంటిదిది. చెప్పేవాడి నీయత్ మంచిదే. కానీ ఏ క్యామ్, ఎవరి బండికి, ఏ సడక్ కోసం అని అడిగితే మాత్రం జవాబు రాదు.

నా రాయ్ ముందే సాఫ్‌గా చెప్పేస్తా. సిగ్నల్ దగ్గర, ఎత్తు మీద, వెనక బరువుతో బండి సులువుగా లాగాలి అనుకునేవాడికి బజార్‌లో "స్టేజ్ వన్", "స్టేజ్ టూ" అని అమ్ముతున్న క్యామ్‌లలో ఎక్కువ శాతం ఉల్టా పని చేస్తాయి. అవి దమ్‌ని కింది నుంచి తీసి పైన పెడతాయి. మన అవామ్ బండి నడిపేది కింద.

నేను మిస్త్రీని కాదు, ఖబర్లు రాసుకుని బతికేవాణ్ని. ఇలాంటి సంగతి నేనెందుకు రాయాలంటే, ఈ ఇల్మ్ మూడు జబాన్ల మధ్య చీలిపోయి ఉంది. క్యామ్ లెక్కలన్నీ ఇంగ్లిష్ కాగితాల్లో ఉన్నాయి. దాన్ని చేత్తో పట్టుకుని తెలుసుకున్న ఉస్తాద్‌లు మా మొహల్లాల్లో దక్కనీ ఉర్దూలో మాట్లాడతారు. జేబులోంచి పైసలు తీసే నౌజవాన్ తెలుగు చదువుకున్నోడు. ఈ ముగ్గురి మధ్యా దుకాణ్‌దార్ ఒక్కడే తర్జుమా చేసేవాడు. అతని తర్జుమా ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు కదా.

ముందు ఒక గలత్‌ఫహమీ తీసేద్దాం. తాకత్ వేరు, హార్స్‌పవర్ వేరు. పానా పెట్టి బిగుసుకుపోయిన నట్టు తిప్పేటప్పుడు మన చెయ్యి పెట్టే మెలిక బలమే టార్క్. ఆ బలాన్ని ఎంత వేగంగా తిప్పుతున్నామో కలిపి లెక్కేస్తే వచ్చేది హార్స్‌పవర్. అందుకే ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎంలో తిరిగితే చాలు, టార్క్ కొంచెం పడిపోతున్నా హార్స్‌పవర్ అంకె పెరుగుతూనే ఉంటుంది. మొన్నటిదాకా వచ్చిన యూసీఈ ఇంజిన్ బులెట్ 350నే చూడండి. కంపెనీ చెప్పిన లెక్క 28 న్యూటన్ మీటర్ల టార్క్, 4,000 ఆర్‌పీఎం దగ్గర. 19.8 బీహెచ్‌పీ, 5,250 దగ్గర. హిసాబ్ చేస్తే 5,250 దగ్గర టార్క్ 27కి దిగిపోయి ఉంటుంది. పవర్ మాత్రం అక్కడే ఎక్కువ. డబ్బా మీద "ప్లస్ 3 హెచ్‌పీ" అని రాసి అమ్మే క్యామ్ ఆ మూడు గుర్రాలని ఏ ఆర్‌పీఎంలో ఇస్తుందో చెప్పదు. బహుశా 6,000 దగ్గర ఇస్తుంది. మెహదీపట్నంలో ఆఫీసులు విడిచే వక్త్‌లో 6,000 ఆర్‌పీఎం ఎవరికి దొరుకుతుంది?

ఇక అసలు మసలా. క్యామ్ అంటే తిరిగే ఇరుసు మీద కోడిగుడ్డు లాంటి ఉబ్బు, అంతే. ఆ ఉబ్బు పైకొచ్చినప్పుడు వాల్వ్ తెరుచుకుంటుంది, దిగినప్పుడు మూసుకుంటుంది. ఉబ్బు ఎంత ఎత్తుందో అది లిఫ్ట్. ఎంత వెడల్పుందో అది డ్యురేషన్, అంటే వాల్వ్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది. ఉర్దూలో దమ్ అంటే శ్వాస, దమ్ అంటే బలం కూడా. ఇంజిన్ విషయంలో ఈ రెండూ నిజంగా ఒకటే. ఎంత శ్వాస లోపలికి పోయి లోపలే నిలబడిందో అంత బలం. క్యామ్ చేసే పనల్లా ఎప్పుడు పీల్చాలి, ఎప్పుడు నోరు మూయాలి అని హుకుం ఇవ్వడం.

నోరు మూసే వక్త్ దగ్గరే కింది దమ్ తేలిపోతుంది. పిస్టన్ కిందికి దిగుతూ పెట్రోల్ గాలిని లోపలికి లాగుతుంది. అట్టడుగుకి చేరాక మళ్లీ పైకి లేస్తుంది. ఇన్‌లెట్ వాల్వ్ అట్టడుగున ఠక్కున మూసుకుంటుందని మనం అనుకుంటాం. మూసుకోదు. పిస్టన్ పైకి లేవడం మొదలుపెట్టాక కూడా కాసేపు తెరిచే ఉంటుంది. ఇంజిన్ జోరుగా తిరుగుతున్నప్పుడు లోపలికి దూసుకొస్తున్న గాలికి ఊపు ఉంటుంది, పిస్టన్ ఎదురొచ్చినా అది ఇంకొంచెం దూరుతుంది. అదే ఫాయిదా. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆ ఊపు ఉండదు. పిస్టన్ లేస్తూ ఉంటే లోపలికి వచ్చిన గాలి తెరిచిన వాల్వ్‌లోంచి మళ్లీ కార్బురేటర్ వైపు వెళ్లిపోతుంది. దమ్ బిర్యానీ వండేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దేగ్ మూతకి పిండి పూయడం ఆలస్యం చేస్తే ఆవిరి ఎటు పోతుందో వాళ్లకి తెలుసు.

ఎంత పోతుంది అన్నది అంకెల్లో చూద్దాం. పాత బులెట్ 350 బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు, కెపాసిటీ 346 సీసీ. ఉదాహరణకి ఒక క్యామ్‌లో ఇన్‌లెట్ వాల్వ్ పైచివరకి 30 డిగ్రీల ముందు తెరుచుకుని, కిందిచివర దాటాక 60 డిగ్రీలకి మూసుకుంటుంది అనుకోండి. మధ్యలోని 180 కలిపితే డ్యురేషన్ 270. ఆ 60 డిగ్రీల్లో పిస్టన్ అడుగు నుంచి సుమారు 18 మిల్లీమీటర్లు పైకి లేచేసి ఉంటుంది. ఇంకో "గరం" క్యామ్ 40 ముందు తెరిచి, 75కి మూస్తుంది అనుకోండి. డ్యురేషన్ 295. పిస్టన్ దగ్గర దగ్గర 28 మిల్లీమీటర్లు లేచాక గానీ మూత పడదు. నెమ్మదిగా నడిచేటప్పుడు మొదటి క్యామ్‌తో సిలిండర్‌లో మిగిలే చోటు దాదాపు 277 సీసీ, రెండోదానితో 238. అంటే 346 సీసీ బండికి ఖర్చు పెట్టి, ట్రాఫిక్‌లో దాన్ని ఇంకా చిన్న బండి చేసుకున్నట్టు. పై ఆర్‌పీఎంలో గాలి ఊపు వచ్చి ఈ నుక్సాన్ పూడుతుంది, ఫాయిదాగా కూడా మారుతుంది, నిజమే. అది వచ్చేలోపు ఫ్లైఓవర్ అయిపోతుంది.

ఇంకో సంగతి ఓవర్‌ల్యాప్. పైచివర దగ్గర ఎగ్జాస్ట్ వాల్వ్ ఇంకా పూర్తిగా మూసుకోకముందే ఇన్‌లెట్ తెరుచుకుంటుంది. ఆ కాసేపు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. పెద్ద క్యామ్‌లో ఈ సేపు పెరుగుతుంది. తక్కువ స్పీడ్‌లో కాలిన పొగ కొంత తాజా గాలిలో కలుస్తుంది. ఐడ్లింగ్ గుర్రుగుర్రుమంటుంది, బండి నిలబడి నిలబడి ఊగుతుంది. విచిత్రం ఏంటంటే మా పోరగాళ్లు ఈ ఊగడాన్నే తాకత్ అనుకుంటారు! ఒక ముసలి ఉస్తాద్ ఈ మాట మీద ఎప్పుడూ చిరాకు పడతారు. "ఆవాజ్ నక్కో సున్ మియా, ఖీంచ్తి క్యా దేఖ్" అంటారు. చప్పుడు వినకు, లాగుతుందా లేదా చూడు అని. డుగ్‌డుగ్ కోసం ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపించుకునేవాళ్లు, ఖాళీ సైలెన్సర్ బిగించేవాళ్లు కూడా ఈ ఖాతాలోకే వస్తారు. టైమింగ్ వెనక్కి పోతే టార్క్ పోతుంది, సిలిండర్ హెడ్ వేడెక్కుతుంది. ఆ తర్వాత పికప్ లేదని క్యామ్ కొంటారు. ఖాళీ సైలెన్సర్‌తో గల్లీలో బీమార్ మనుషుల నిద్ర పోవడం ఇంకో కథ, దాని గురించి వేరే రాయాలి.

నిరుడు మా ఖాలా కొడుక్కి జరిగింది ఇదే. నల్గొండ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి బెడ్‌షీట్లు, దుప్పట్లు కిస్తుల మీద అమ్ముతాడు. వాళ్ల అబ్బా వదిలిపోయిన పాత ఐరన్ ఇంజిన్ బులెట్ అతని దుకాణం. వెనక రెండు మూటలు, మట్టిరోడ్లు, అడుగడుక్కీ ఆపడం. ఎత్తు ఎక్కడం లేదని అంటే సిటీలో ఒక దుకాణం వాళ్లు 9,000 రూపాయలకి క్యామ్‌ల జత అంటగట్టారు. పాతవి "ఎక్స్‌చేంజ్" పేరుతో వాళ్లే ఉంచుకున్నారు. బండి బయటికొచ్చాక ఖాళీ హైవే మీద బాగానే పరిగెత్తింది. మూటలు కట్టాక మొదటి గేర్‌లో ఆక్సిలరేటర్ పెంచి, సగం క్లచ్ పట్టి కదిలించాల్సి వచ్చింది. మూడు నెలల్లో క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. "భాయ్‌జాన్, మూటలు తగ్గించుకోమంటున్నారు" అని ఫోన్ చేశాడు. మూటలు తగ్గితే ఆ ఇంట్లో తగ్గేది స్పీడ్ కాదు, పిల్లల ఫీజు.

ఆ బండిని మా ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు క్యామ్ కవర్ మీద చెయ్యి వెయ్యలేదు. కిక్ రాడ్ చేత్తో నెమ్మదిగా నొక్కి కంప్రెషన్ ఎంతసేపు నిలుస్తుందో చూశారు. నిలవలేదు. ఎగ్జాస్ట్ టాపెట్ బిగుసుగా ఉంది. ఐరన్ బులెట్‌లో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. ఇక్కడ అసలు తిరగడం లేదు. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, దమ్ అక్కడే లీక్. కార్బురేటర్ స్లైడ్ అరిగి పక్కల నుంచి గాలి లాగుతోంది. పాయింట్ల గ్యాప్ తప్పి టైమింగ్ వెనక్కి ఉంది. క్యామ్ కొనకముందు బండికున్న అసల్ బీమారీ ఈ మూడే. పుత్లీబౌలీ దుకాణాల్లో తిరిగి మంచి స్థితిలో ఉన్న పాత రకం క్యామ్‌ల జత వెతికి, ఈ మూడూ సరిచేసి, ముందు స్ప్రాకెట్ ఒక పన్ను చిన్నది వేశారు. పదిహేడు పళ్ల చోట పదహారు వేస్తే వెనక చక్రం దగ్గర లాగే బలం ఆరు శాతం పెరుగుతుంది. టాప్ స్పీడ్ అంతే తగ్గుతుంది. దుప్పట్లమ్మేవాడికి టాప్ స్పీడ్‌తో ఏం పని?

అయితే ఉస్తాద్ మాటలో ఒకటి నేను ఒప్పుకోను. "కంపెనీ క్యామే ఆఖరి మాట" అంటారాయన. కాదు. కంపెనీ క్యామ్ కూడా ఒక సమ్‌ఝౌతానే. మైలేజ్, పొల్యూషన్ రూల్స్, చప్పుడు, రేటు, అమ్మకాల కాగితం మీద చూపించాల్సిన హార్స్‌పవర్, ఇన్నిటి మధ్య కుదిరిన ఒప్పందం అది. దాన్ని మనకి కావలసిన వైపు జరపడం గునా కాదు. యమహా వాళ్లు 2018లో ఆర్15 మూడో వెర్షన్‌లో చేసింది చూడండి. 155 సీసీ ఇంజిన్‌లో ఇన్‌లెట్ వైపు కింది ఆర్‌పీఎంకి ఒక ఉబ్బు, పైదానికి ఇంకో ఉబ్బు పెట్టారు. 7,400 ఆర్‌పీఎం దగ్గర ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. ఒకే ఉబ్బుతో రెండు పనులూ పూర్తిగా కుదరవని వాళ్లే ఒప్పుకున్నట్టు. రెండు ఉబ్బులు లేని మన బులెట్‌కి ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు.

ఎంచుకోవాలంటే దుకాణ్‌దార్‌ని స్టేజ్ ఎంత అని అడగొద్దు. ఇన్‌లెట్ ఎన్ని డిగ్రీలకి మూసుకుంటుంది అని అడగండి. జవాబు తెలియకపోతే క్యామ్ కార్డ్ అడగండి, కార్డ్ లేని క్యామ్‌కి పైసలివ్వొద్దు. కార్డ్ మీద ఇంకో చాలాకీ ఉంటుంది. వాల్వ్ కాస్త కదిలిన దగ్గర్నుంచి కొలిస్తే డ్యురేషన్ పెద్దగా కనిపిస్తుంది. ఒక మిల్లీమీటర్ లేచాక కొలిస్తే అదే క్యామ్ చిన్నదిగా కనిపిస్తుంది. ఒక కంపెనీ ఇలా, ఇంకో కంపెనీ అలా కొలిచిన అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడం గజంతో, మీటర్‌తో కొలిచిన రెండు బట్టల రేటు పోల్చినట్టే. కింది దమ్ కావాలంటే డ్యురేషన్ కంపెనీ క్యామ్ అంత, లేదా కాస్త తక్కువ, ఇన్‌లెట్ త్వరగా మూసుకునేది, ఓవర్‌ల్యాప్ తక్కువ ఉండేది చూడాలి. లిఫ్ట్ కొంచెం ఎక్కువున్నా పర్లేదు, మంచిదే. తెరిచి ఉన్న కాసేపట్లోనే ఎక్కువ గాలి పోతుంది. కాకపోతే తక్కువసేపట్లో ఎక్కువ ఎత్తు లేవాలంటే ఉబ్బు నిటారుగా ఉండాలి, టాపెట్ల మీద, స్ప్రింగ్‌ల మీద జోరు పడుతుంది. హద్దు దాటితే అరుగుదల.

కంప్రెషన్ సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. పాత ఐరన్ బులెట్ కంప్రెషన్ మొదట్నుంచీ తక్కువ. దానికి ఆలస్యంగా మూసే క్యామ్ పెట్టడమంటే రోజా విప్పకముందే ఇంకో పూట పస్తు పెట్టినట్టు. హై కంప్రెషన్ పిస్టన్ వేసి, హెడ్ పని చేయించి, హైవే మీదే తిరిగేవాడు పెద్ద క్యామ్ వేసుకుంటే అది వేరే హిసాబ్. ఉల్టా కూడా నిజమే. హై కంప్రెషన్ పిస్టన్‌కి త్వరగా మూసే క్యామ్ తోడైతే బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు లోపల కటకటమని నాకింగ్ మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే జిద్ చేయకుండా ఆపాలి.

ఇక్కడో చిన్న మాట. బులెట్ కింది లాగుడు అంతా క్యామ్ మహిమే అనుకునేవాళ్లున్నారు. లోపల తిరిగే బరువైన ఫ్లైవీల్ మాయ అందులో చాలా ఉంది. క్లచ్ వదిలినప్పుడు బండి ఆగిపోకుండా ముందుకి తోసేది అందులో దాచుకున్న ఊపు. అది క్రాంక్ తేలిక చేయించుకున్నవాడికే తెలుస్తుంది, పోయాక. ఆర్ఎక్స్100 దోస్తులు కూడా నన్ను క్యామ్ గురించి అడుగుతుంటారు. భాయ్, మీ బండి టూ స్ట్రోక్. దానికి క్యామే లేదు. సిలిండర్ గోడకున్న కంతలే దాని క్యామ్. వాటిని రాకాలని ఎవడైనా అంటే సలామ్ చెప్పి బయటికొచ్చేయండి.

క్యామ్ మార్చాలనే తేల్చుకున్నవాళ్లకి ఇంకొన్ని బారీక్ సంగతులు. ఐరన్ బులెట్‌లో ఇన్‌లెట్‌కి ఒక క్యామ్, ఎగ్జాస్ట్‌కి ఒక క్యామ్, కుడివైపు కవర్ లోపల ఉంటాయి. పళ్ల మీద టైమింగ్ చుక్కలు కలవాలి. ఒక్క పన్ను తప్పినా చాలా డిగ్రీలు తేడా, అందాజతో బిగించే పని కాదిది. కొత్త క్యామ్ మీద పాత టాపెట్లు వేయొద్దు. టాపెట్ అడుగు పాత క్యామ్‌తో కలిసి అరిగి ఉంటుంది, కొత్తదాన్ని కొన్ని వందల కిలోమీటర్లలో తినేస్తుంది. లిఫ్ట్ ఎక్కువున్న క్యామ్ అయితే పిస్టన్ మీద మెత్తటి మట్టి ముద్ద అంటించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి, వాల్వ్ ఎంత దగ్గరికి వస్తుందో ఆ అచ్చులో చూశాకే కిక్ కొట్టాలి. యూసీఈ ఇంజిన్ వాళ్లకి ఇంకో జాగ్రత్త. మీ ఎగ్జాస్ట్ క్యామ్ మీద స్టార్టింగ్‌లో కంప్రెషన్ వదిలే చిన్న డీకంప్రెసర్ ఉంటుంది. కొత్త క్యామ్‌కి అది లేకపోతే సెల్ఫ్ మోటార్ మీద, స్ప్రాగ్ క్లచ్ మీద రోజూ జుల్మ్ చేసినట్టే.

మజ్దూరీ గురించి కూడా బేరం ఆడకండి. క్యామ్‌కి తొమ్మిది వేలు ఒక్క మాటతో ఇచ్చేసి, దాన్ని నాలుగు గంటలు కూర్చుని బిగించే ఉస్తాద్ దగ్గర రెండొందలకి పంచాయతీ పెట్టేవాళ్లని రోజూ చూస్తున్నా. టాపెట్ సరిచేస్తే పోయేదానికి క్యామ్ అక్కర్లేదని చెప్పే మిస్త్రీకి ఆ మాటకి పైసా రాదు. క్యామ్ అమ్మితే కమీషన్ వస్తుంది. అయినా అక్కర్లేదనే చెప్పేవాళ్లు మా గల్లీల్లో ఇంకా ఉన్నారు, గ్రీజు చేతులతో, బోర్డు లేని షెడ్లలో. ఆ మాటకి కూడా రేటు కట్టి ఇవ్వండి.

విప్పిన పాత క్యామ్‌లు, టాపెట్లు మాత్రం ఎవరికీ ఎక్స్‌చేంజ్ ఇవ్వొద్దు. ఏ టాపెట్ ఏ క్యామ్‌దో కాగితం మీద రాసి, నూనె గుడ్డలో చుట్టి, ఒక డబ్బాలో ఇంటికి తీసుకుపోండి.